అత్యధికుల సుఖం: లెక్కలో రాయనివి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఇటీవల మీ సంపాదకీయ పుటలో ప్రజల ఆనందం గురించి వచ్చిన వ్యాసాన్ని నేను రెండుసార్లు చదివాను. 2025 ప్రపంచ ఆనంద నివేదికలో 147 దేశాలకు గాను మన దేశం 118వ స్థానంలో నిలిచిందన్న బాధతో మొదలైన ఆ వ్యాసం, ప్రభుత్వాల పనితీరుకు 'అత్యధికుల అత్యధిక సుఖం' ఒక్కటే కొలబద్ద కావాలని చెప్పి, అందుకోసం జలాశయాలకూ రహదారులకూ పరిశ్రమలకూ భూములు ఇవ్వవలసివచ్చే కొద్దిమంది త్యాగానికి సిద్ధపడక తప్పదని ముగిసింది. మొదటి మాటతో నాకు పేచీ లేదు. రెండో మాట దగ్గర కొంతసేపు ఆగాను. మూడో మాట మాత్రం పై రెండింటి నుంచి పుట్టదనీ, ఆ సిద్ధాంతం పేరు చెప్పి దాన్ని నిలబెట్టడం సిద్ధాంతానికీ, మన ఉత్తర తెలంగాణ ముంపు గ్రామాల ప్రజలకూ కూడా అన్యాయమనీ చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో చాలా ఏళ్లు రాజనీతి శాస్త్రం చెప్పినవాణ్ణి. ఆ సుఖ సూత్రం మీద నిలిచిన సిద్ధాంతమైన ఉపయోగితావాదం మా పాఠ్యప్రణాళికలో ఏటా వచ్చే పాఠం. అందువల్ల కొంత వివరంగా రాయక తప్పడం లేదు.

ఆ సూత్రాన్ని లోకానికి బాగా పరిచయం చేసిన ఆంగ్ల తత్వవేత్త జెరెమీ బెంథామ్ 1748లో లండన్‌లో పుట్టాడు. 1776లో తన పేరు వేసుకోకుండా అచ్చు వేయించిన పుస్తకంలో, తప్పొప్పులకు కొలత అత్యధికుల అత్యధిక సుఖమేనని రాశాడు. ఆనాటి ఇంగ్లండులో చట్టం కొద్దిమంది ప్రభువులకూ భూస్వాములకూ కొమ్ముకాసేది. చిన్న దొంగతనానికి కూడా ఉరి వేసే రోజులవి. అటువంటి చోట 'ఈ చట్టం వల్ల ఎందరికి మేలు, ఎందరికి కీడు, లెక్క చెప్పండి' అని అడగడం సామాన్యుడి చేతికి ఆయుధం ఇవ్వడమే. బలవంతుణ్ణి నిలదీయడానికి పుట్టిన ఆ ప్రశ్నను ఈనాడు మనం బలహీనుడి నోరు మూయించడానికి వాడుతున్నామన్నదే నా మొదటి అభ్యంతరం.

1789లో వచ్చిన పెద్ద గ్రంథంలో బెంథామ్ సుఖదుఃఖాలను కొలవడానికి ఏడు అంశాలు చెప్పాడు. ఒక సుఖం లేదా దుఃఖం ఎంత తీవ్రమైనది, ఎంతకాలం నిలుస్తుంది, కలిగి తీరుతుందా లేదా, దగ్గరలో ఉందా దూరంలో ఉందా, తనలాంటి మరికొన్నింటిని వెంట తెస్తుందా, తనకు విరుద్ధమైనదాన్ని కలుపుకోకుండా ఉంటుందా, చివరగా ఎంతమందికి వ్యాపిస్తుంది. మీ వ్యాసకర్త ఈ ఏడింటిలో చివరిదాన్ని మాత్రమే తీసుకున్నారు. వెయ్యిమందికి బస్సు ప్రయాణంలో పావుగంట కలిసి రావడం, ఒక ముసలావిడకు పుట్టి పెరిగిన ఊరు లేకుండా పోవడం, ఈ రెండింటినీ తలకాయల లెక్కతో తూచితే తక్కెడ ఎటు మొగ్గుతుందో చెప్పనక్కరలేదు. తీవ్రతనూ నిడివినీ కూడా అదే తక్కెడలో వేస్తే మొగ్గు అంత సులభంగా తేలదు. తేల్చడం కష్టమని ఆ రెండింటినీ పక్కన పెట్టేసే అధికారం బెంథామ్ ఎవరికీ ఇవ్వలేదు.

అంతకన్నా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. ఇది పాఠ్యపుస్తకాల్లో అరుదుగా కనిపిస్తుంది, నేను కూడా ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు గాని తెలుసుకోలేదు. బెంథామ్ తన చివరి సంవత్సరాల్లో ఆ నినాదంలోని 'అత్యధికుల' అన్న మాటను తానే వదులుకున్నాడు. 1829 ప్రాంతంలో రాసిన ఒక వ్యాసంలో అందుకు కారణం అంకెలతో సహా చెప్పాడు. ఒక సమాజంలో 4001 మంది ఉన్నారనుకోండి, అందరికీ సుఖం సమానంగా ఉందనుకోండి. వాళ్లలో 2000 మంది సుఖాన్ని తీసి మిగిలిన 2001 మందికి పంచితే, ఎక్కువమంది సుఖం పెరిగినట్టే కనిపిస్తుంది, కానీ సమాజంలోని మొత్తం సుఖం పెరగకపోగా తరుగుతుందని చూపించాడు. ఎందుకంటే ఉన్నవాడి చేతికి అదనంగా వచ్చినదాని సుఖం, లేనివాడి చేతి నుంచి పోయినదాని దుఃఖానికి సాటిరాదు. ఆ 2000 మందిని బానిసలుగా చేసి మిగతావారికి పంచితే ఏమవుతుందని కూడా ఆయన ఆ వ్యాసంలోనే అడిగాడు. ఒక్క మనిషి ఆధిక్యంతో ఇంత ఘోరాన్ని సమర్థించగల నినాదం ప్రమాదకరమని గ్రహించి, ఎనభై ఏళ్లు దాటిన వయసులో తన మాటను తాను దిద్దుకున్నాడు. ఆయన దిద్దుకున్న మాటనే మనం ఇంకా ఆయన పేరిట వల్లిస్తున్నాం.

ఇక మన దగ్గరి సంగతికి వస్తాను. 1894 నాటి భూసేకరణ చట్టం స్థానంలో 2013లో కొత్త చట్టం వచ్చి, 2014 జనవరి 1 నుంచి అమలైంది. పాత చట్టం ప్రధానంగా భూమి హక్కుదారుణ్ణే చూసింది. కొత్త చట్టం ఆ ఊరి మీద ఆధారపడి మూడేళ్లుగా బతుకుతున్న వ్యవసాయ కూలీలనూ కౌలుదార్లనూ చేతివృత్తులవారినీ కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. పునరావాస స్థలంలో ఉండవలసిన సౌకర్యాల పట్టికలో శ్మశానవాటికనూ ప్రార్థనా స్థలాలనూ పశువుల మేత భూమినీ కూడా చేర్చింది. అన్నిటికన్నా గొప్ప విషయమేమిటంటే, ఆ చట్టంలోని 8వ సెక్షన్ ప్రకారం, ప్రాజెక్టు వల్ల కలగబోయే ప్రయోజనం దాని సామాజిక నష్టాన్ని మించుతుందని తేలాలి. అది తేల్చడానికి ముందుగా సామాజిక ప్రభావ మదింపు జరగాలి, బాధితుల మాట బహిరంగంగా వినాలి. బెంథామ్ తక్కెడ మన పార్లమెంటు చేసిన చట్టంలో ఇంత స్పష్టంగా ఉందని తరగతిలో చెప్పినప్పుడు పిల్లలు ఆశ్చర్యపోయేవారు. తర్వాత మన రాష్ట్రంతో సహా కొన్ని రాష్ట్రాలు, సాగునీరు వంటి పనులకు ఈ మదింపు నుంచి మినహాయింపు ఇచ్చుకునే విధంగా ఆ చట్టాన్ని సవరించుకున్నాయి. అత్యధికుల సుఖం పేరుతో జరిగే పనుల్లోనే సుఖదుఃఖాలు తూచే అవసరం లేదనుకోవడం నాకు మింగుడుపడని విషయం.

ఈ తూకంలో రాయకుండా పోయేదేమిటో నేను పుస్తకాల్లో చూడలేదు, మా మేనత్త వాకిట్లో చూశాను. ఆమె ఊరు ఒక జలాశయం కింద మునిగింది. ఏ జలాశయమో చెప్పడం నా ఉద్దేశం కాదు, ఇటువంటి ఊళ్లు మన చుట్టూ ఎన్నో ఉన్నాయి. ఇళ్లు కొలవడానికి సర్వేవాళ్లు వచ్చిన రోజున నేను అక్కడే ఉన్నాను. టేపు పట్టి పెంకుటిల్లు కొలిచారు. బావి లోతు అడిగి రాసుకున్నారు. ఇంటి వెనక ఉన్న చింతచెట్టు వయసు అడిగి, దాని కాపు అడిగి, ఒక గడిలో నింపారు. ఆ చెట్టును మా అత్తమ్మ వాళ్ల అత్త నాటింది. ఎండాకాలం మధ్యాహ్నాలు వాడకట్టు ఆడవాళ్లంతా ఆ చెట్టు కింద చేరి చింతపండు కొడుతూ, గింజలు తీస్తూ, ఉన్న ముచ్చట్లన్నీ అక్కడే చెప్పుకునేవాళ్లు. ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయో, ఎవరి కోడలికి ఒంట్లో బాగా లేదో అక్కడే తెలిసేది, అక్కడి నుంచే సాయం కదిలేది. కాగితం నింపుతున్న కుర్రవాణ్ణి మా అత్తమ్మ అడిగిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది: "చెట్టుకైతె పైసలు రాసినవ్. గని దాని నీడల కూసునేటోళ్లం యాడ కూసోవాలె బిడ్డా? గది గుడ రాసుకో." ఆ అబ్బాయి మంచివాడు, తల వంచుకున్నాడు. రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

పునరావాస కాలనీలో ఆమెకు స్లాబు ఇల్లు వచ్చింది. వీధులు తిన్నగా ఉన్నాయి, ఇంటి ముందే నల్లా ఉంది. వానకాలం పెంకులు సర్దించుకునే బాధ తప్పిందని ఆమే చెబుతుంది. ఈ మేలును తక్కువ చేయడం న్యాయం కాదు. అయితే ప్లాట్లను లాటరీ తీసి పంచడం వల్ల, నలభై ఏళ్లు ఒకే వాడకట్టులో ఉన్నవాళ్లు తలో వరుసకు చెదిరిపోయారు. ఊరి బొడ్రాయిని వేరే చోట కొత్తగా వేశారు. మొదటి ఏడు సద్దుల నాడు బతుకమ్మను వేయడానికి దగ్గరలో చెరువు లేక, సిమెంటు తొట్టి కట్టి నీళ్లు నింపి అందులో వేశారు. పాట పాడింది వాళ్లే, పూలూ అవే. తంగేడు పూలు ఆ తొట్టి అంచుకు తగులుతూ కదలకుండా ఒకేచోట నిలిచిపోవడం నా కళ్ల ముందే ఉంది. దీని ఖరీదు ఎంతని మీ వ్యాసకర్త నన్ను అడిగితే చెప్పలేను. చెప్పలేనంత మాత్రాన అది సున్నా కాదనే నా వాదన.

వ్యాసం మొదట్లో ప్రస్తావించిన ఆనంద నివేదిక గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ నివేదికలో దేశాల వరుస ఒక ప్రశ్న మీద ఆధారపడి ఉంటుంది. సున్నా నుంచి పది దాకా మెట్లున్న నిచ్చెనను ఊహించుకొని, పై మెట్టు మీకు సాధ్యమయ్యే అతి మంచి జీవితమనీ, అట్టడుగు మెట్టు అతి చెడ్డదనీ అనుకొని, ఇప్పుడు మీరు ఏ మెట్టు మీద ఉన్నారో చెప్పమంటారు. ఒకసారి కాలనీకి వెళ్లినప్పుడు అదే ప్రశ్న నేను మా అత్తమ్మను అడిగాను. ఆమె కాసేపు నా ముఖం చూసి, "ఎనిమిది రాసుకో అల్లుడా. తక్కువ జెప్తె నువ్వు రందిల పడ్తవ్" అంది. అడిగినవాడి మనసు నొచ్చుకోకూడదని ఎక్కువ చెప్పేవాళ్లూ, ఇంతకన్నా ఆశించడం మానుకొని ఉన్నదానికే సర్దుకున్నవాళ్లూ మన ఊళ్లలో లెక్కకు మించి ఉన్నారు. అమర్త్య సేన్ ఉపయోగితావాదం మీద చేసిన విమర్శల్లో ఇదొకటి: దీర్ఘకాలం లేమిలో బతికిన మనిషి, ఆశను తగ్గించుకొని చిన్న చిన్న ఊరటలతో తృప్తిపడటం నేర్చుకుంటాడు కాబట్టి, ఆ తృప్తిని చూసి అతనికి అన్యాయం జరగలేదని తీర్పు చెప్పకూడదు. మా అత్తమ్మ చెప్పిన ఎనిమిదిని ఎవరైనా పరిహారం సరిపోయిందనడానికి సాక్ష్యంగా వాడుకుంటారేమోనన్న భయంతోనే నేను ఇంతకాలం దాన్ని ఎక్కడా రాయలేదు.

సుఖాన్ని పరిమాణంతో మాత్రమే కొలవడంలోని ఈ ఇబ్బంది, బెంథామ్ తర్వాతి తరం ఉపయోగితావాది జాన్ స్టూవర్ట్ మిల్‌కు బాగా తెలుసు. తృప్తిగా ఉన్న పందిగా బతకడం కన్నా అసంతృప్తితో ఉన్న మనిషిగా బతకడం మేలని ఆయన అన్నది అందుకే. బెంథామ్ శిష్యుల నడుమ పెరిగిన ఆయన, ఇరవై ఏళ్ల వయసులో, 1826లో, తాను కోరుకున్న సంస్కరణలన్నీ ఇప్పటికిప్పుడు నెరవేరితే నాకు సుఖం కలుగుతుందా అని తనను తాను ప్రశ్నించుకొని, కలగదని జవాబు రావడంతో చాలాకాలం కుంగిపోయాడు. సుఖాన్నే వెంబడిస్తే అది చేతికి చిక్కదనీ, మరో లక్ష్యం మీద మనసు నిలిపినవారికే దారిలో అది ఎదురవుతుందనీ ఆ అనుభవం నుంచి నేర్చుకున్నానని తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఇంత సున్నితంగా ఆలోచించిన మనిషి 1823 నుంచి 1858 దాకా ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో మన దేశపు ఉత్తరప్రత్యుత్తరాలు చూస్తూ, ఒక్కసారి కూడా ఇక్కడికి రాలేదు. వెనకబడిన ప్రజలకు, వాళ్ల బాగు కోసమే అయితే, నిరంకుశ పాలన కూడా తగినదేనని 1859లో రాశాడు. మిల్ మీద గౌరవం ఉండీ ఈ మాట ఎత్తుతున్నానంటే కారణం ఉంది. ఎదుటివారి సుఖమేమిటో వాళ్లను అడగకుండానే తేల్చగలమన్న నమ్మకం అంతటివాణ్ణి కూడా దారి తప్పించింది, మన సచివాలయాల్లోనూ కలెక్టరేట్లలోనూ కూర్చున్నవారు ఆ ప్రమాదానికి అతీతులు కారు.

ఇక త్యాగమన్న మాట. వ్యాసకర్త తన వాదనకు బలంగా, కుటుంబం కోసం ఒకణ్ణి, ఊరి కోసం కుటుంబాన్ని, దేశం కోసం ఊరిని వదులుకోవాలన్న భారత శ్లోకాన్ని ఉదాహరించారు. ఆ శ్లోకానికి నాలుగో పాదం కూడా ఉంది: ఆత్మ కోసం భూమినంతా వదులుకోవాలి. ఆ పాదాన్ని ఎందుకు విడిచిపెట్టారో నాకు తెలియదు. అంతకన్నా ముఖ్యం, ఆ మాట ఎవరు ఎవరితో అన్నారన్నది. విదురుడు ధృతరాష్ట్రుడితో, దుర్యోధనుణ్ణి వదులుకొమ్మని చెబుతూ అన్న మాట అది. సింహాసనం మీద ఉన్నవాణ్ణి తన సొంత కొడుకును వదులుకొమ్మన్నాడు గాని, హస్తినాపురం బయట ఏ రైతు కొడుకునో వదిలించమనలేదు. మిల్ చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంటుంది. ఇతరుల మేలు కోసం తన సుఖాన్ని వదులుకునే శక్తి మనిషికి ఉందని ఉపయోగితావాదం ఒప్పుకుంటుంది, అది తనకు తానుగా చేసేదైతేనే దానికి ఆ పేరు. నోటీసు అంటించి, గడువు పెట్టి, పోలీసు బందోబస్తు మధ్య ఖాళీ చేయించిన దాన్ని సేకరణ అనవచ్చు, అవసరమైతే తప్పనిసరి సేకరణ అనవచ్చు. త్యాగమని అనే హక్కు భూమి ఇచ్చినవాడికే ఉంటుంది, తీసుకున్నవాడికి ఉండదు.

ఇంతా రాసి, ప్రాజెక్టులే వద్దంటున్నానని అనుకోవద్దు. మా నాన్నగారి భూమి శ్రీరాంసాగర్ ఆయకట్టులోనిది. 1963లో నెహ్రూ పోచంపాడు దగ్గర శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు నీళ్లు కాకతీయ కాలువ మీదుగా మా పొలానికి వచ్చిన ఏడు మా అమ్మ కాలువ గట్టు మీద కొబ్బరికాయ కొట్టింది. నా చదువు ఆ నీళ్లతో పండిన వరి మీదే సాగింది. ఎగువన ఎందరి ఇళ్లు మునిగితే ఆ నీళ్లు మాకు వచ్చాయో మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనుకోలేదు. లాభపడినవాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టే, లాభపడినవాళ్లు నష్టపోయినవాళ్ల లెక్కను తామే రాసి, తామే కొట్టివేయడం ఎంత సులభమో నాకు తెలుసు.

మన పాత చెరువుల కింద దీనికి వేరే పద్ధతి ఉండేది. నీళ్లు తక్కువైన ఏడు ఊరివాళ్లు చెరువు కట్ట దగ్గర కూర్చొని తైబందీ చేసుకునేవారు. చెరువులో ఉన్న నీళ్లెన్ని, ఎంత భూమి పారుతుంది, ఎవరు ఎంత నాటుకోవాలి అన్నది అందరూ కలిసి తేల్చుకున్న తర్వాతే తూము లేపేవారు, నీరటి ఆ కట్టుబాటు ప్రకారం మడులకు నీళ్లు మళ్లించేవాడు. ఎక్కువ వడ్లు పండించడమొక్కటే ఉద్దేశమైతే తూము కిందనే ఉన్న పొలాలకు నీళ్లన్నీ పారించడం మంచిది, కాలువలో ఇంకిపోయే నీళ్లయినా మిగులుతాయి. అయినా చివరి పొలంవాణ్ణి పిలవకుండా ఆ మాట తేల్చుకునేవారు కారు. తూము దగ్గరి ఆసామికి ఐదో ఎకరం పండటం వేరనీ, చివరివాడికి మొదటి ఎకరం ఎండటం వేరనీ వాళ్లకు ఏ పుస్తకమూ చెప్పనక్కరలేకపోయింది. ఆ రోజుల్లో కులం, పెత్తనం ఆ కట్ట మీద కూడా కూర్చునేవన్నది నిజమే, దాన్ని దాచను. కానీ నష్టపోయేవాడు ఎదురుగా ఉండగా అతని నష్టాన్ని లెక్కలోంచి తీసేయడం అంత తేలిక కాదు.

సంపాదకులకు నా విన్నపం ఇది. ఏ కొత్త ప్రాజెక్టు గురించి రాసినా మీ పత్రిక ఇన్ని టీఎంసీలు, ఇన్ని లక్షల ఎకరాలు, ఇన్ని ఉద్యోగాలు అని మొదటి పుటలో వేస్తుంది. ఆ పక్కనే అదే సైజు అక్షరాల్లో, మునిగే ఇళ్లెన్ని, భూమి లేని కూలీ కుటుంబాలెన్ని, సామాజిక ప్రభావ మదింపు జరిగిందా, జరిగితే గ్రామసభలో ఎవరేమన్నారు అన్నది కూడా వేయండి. ఖాళీ చేయించిన ఐదేళ్లకు ఒకసారి మీ విలేకరిని ఆ కాలనీలకు పంపండి. మా అత్తమ్మ ఉండే కాలనీకి హనుమకొండ నుంచి బస్సు ఉంది, దిగి కొంత దూరం నడవాలి. విలేకరి వస్తానంటే నేను వెంట వస్తాను. ఆమె ఇంటి ముందు పోయినేడు నాటిన చింతమొక్క ఇప్పుడు నడుము ఎత్తు పెరిగింది.

ఇట్లు
భవదీయుడు,
రాజనీతి శాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ